వేపమండ కట్టిన నాటి కప్పు

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య చిన్నపాటి యుద్ధం జరిగింది. తండ్రి నా కొడుకు, కూతురు నా మనవరాలు. ఆ పిల్ల ఇక్కడ తమిళనాడు ధర్మపురిలో ఒకప్పుడు నేను చదివిన బడిలోనే పదకొండో తరగతి చదువుతూ, బడి జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పొద్దున్నే టీవీలో అమెరికా ఆట పెట్టుకుని ఇద్దరూ కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఆ వేళ ఆట ముగిశాక మాట ఎక్కడికో పోయి, నా కొడుకు చిన్నప్పుడు ఏళ్ళ తరబడి కప్పులు గెలిచిన ఒక పాత అమెరికా జట్టు దగ్గరకొచ్చింది. ఆ జట్టులో ఉండిన మొనగాడిని తీసేసి, ఆ చోట ఇప్పటి మొనగాళ్ళలో ఎవరిని నిలబెట్టినా అన్ని కప్పులు వచ్చి ఉండేవా అని వాదన. వచ్చేవే కావని కొడుకు, ఎందుకు రావని మనవరాలు. వాళ్ళ పోట్లాట అరవంలో మొదలై, నడుమ ఇంగ్లీషులోకి పోయి, కోపం బాగా ముదిరినాక మాత్రం తెలుగులోకి వస్తుంది. మా వైపు ఇళ్ళలో తెలుగు మిగిలింది అందుకే కాబోలు.

నేను పేపరు చాటున కూర్చుని వింటున్నాను. ఉన్నట్టుండి ఆ పిల్ల నా వైపు తిరిగింది. బడి వరండాలో పాత ఫోటోలన్నీ దుమ్ము దులిపి మళ్ళీ తగిలించారట. నాలుగేళ్ళు వరసగా సేలంలో కప్పు గెలిచిన మా జట్టు ఫోటో కూడా ఉందట, నడుమ కప్పు పట్టుకుని పెరియంపట్టి తాత నిలబడి ఉన్నాడట, ఈ బడికి ఆయన లాంటి ఆటగాడు మళ్ళీ రాలేదని వాళ్ళ మాస్టరు చెప్పినాడట. ఇంత చెప్పి, "ఆ తాత జాగాలో వేరే ఎవురన్నా ఉండింటే నాలుగు కప్పులూ వచ్చుండునా తాతా?" అని అడిగింది.

కాఫీ గ్లాసు కింద పెట్టి, రాకపోవచ్చునమ్మా అన్నాను. పైకి అంతే అన్నాను గానీ లోపల కడుపు భగ్గుమంది. అరవై ఎనిమిదేళ్ళ వయసు, రెండు మోకాళ్ళూ పనిచెయ్యవు, చక్కెర జబ్బు, ఇంతమంది పిల్లాపాపలు. ఇంకా ఎవరి మీద ఏమి మంట అని మీరు అడగవచ్చు. నా ఈడువాళ్ళకు తెలుసు, దేహం సడలినంత తొందరగా అసూయ సడలదు. పెరియంపట్టి తాత అంటే మా మేనత్త కొడుకు, నాకు బావ. నాకన్నా రెండే రెండు నెలలు పెద్ద. ఆ రెండు నెలలను కూడా నేను ఈ రోజుకూ మన్నించలేదు.

మా రెండు ఇళ్ళూ పెరియంపట్టిలోనే, ఒకే వీధిలో, ఎదురెదురుగా ఉండేవి. మేమిద్దరం ఒకే తరగతి, ఒకే బస్సు, ఒకే బెంచి. బడిలో ఉన్న మట్టి ఆటస్థలంలో రెండు చెక్క బోర్డులు, వాటికి తుప్పుపట్టిన రింగులు ఉండేవి. ఎనిమిదో తరగతిలో పీటీ మాస్టరు ఐదుగురు పొడుగుపాటి పిల్లలను ఏరితే, అందరమూ తెలుగిళ్ళ వాళ్ళమే అయి కూర్చున్నాము. పిక్కిలి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకడు, మేమిద్దరం, కారిమంగలం వైపు వాళ్ళు ఇద్దరు. బడిలో, బస్సులో, అంగడిలో అరవం మాట్లాడే వాళ్ళమే, కానీ పరుగులో ఊపిరి అందనప్పుడు నోట వచ్చేది ఇంటిమాట. మాస్టరుకు తెలుగు ఒక్క ముక్క రాదు. మొదట్లో కసిరాడు, తర్వాత ఎదుటి జట్లకు కూడా రాదని గ్రహించి ఊరుకున్నాడు.

అట్లా మా ఆటకు ఒక భాష ఏర్పడింది. అందరమూ సేద్యగాళ్ళ పిల్లలమే గనుక మాటలన్నీ మడి నుంచి వచ్చినవే. బంతిని ఒక పక్క నుంచి రెండో పక్కకు మళ్ళించమనడానికి 'మడవ' అనేవాళ్ళము. కాలువ గట్టు తెగ్గొట్టి ఒక కయ్యలోకి పోయే నీళ్ళను ఇంకో కయ్యకు తిప్పే చోటే మడవ. గీత వెంబడి పరుగెత్తమంటే 'గట్టు'. అందరూ ముఖం ఎదుటివాళ్ళ వైపే ఉంచి వెనక్కి నడవమంటే 'కపిల', బావిలో నీళ్ళు తోడడానికి కపిల తోలేటప్పుడు ఎద్దులు అట్లాగే వెనక్కి నడుస్తాయి కదా. ఆ కేకలు వేసేవాడు బావ. మడవ దగ్గర నిలబడేవాడు బావ. నేను మూల కయ్యను. నీళ్ళు వస్తే తడవాలి, రాకపోతే ఎండాలి.

ఈ మాటలన్నిటికీ మూలం మా నాయనే. ఆయనకు ఆ ఆటలో పాయింట్లు ఎట్లా లెక్కపెడతారో చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు గానీ, ఆటను మాత్రం నీళ్ళు పారించే పనిగా చూసి పూర్తిగా అర్థం చేసుకున్నాడు. కాళ్ళ దగ్గర నీళ్ళను చూసేవాడు మడవ తిప్పలేడు, కయ్య కొస ఎండిందా తడిసిందా అని చూసేవాడే తిప్పగలడు అనేవాడు. ఈ మాట ఆయన చెప్పింది నాకు కాదు, బావకు. రోజూ సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, నేరుగా ఎదురింటికి పోయి, అత్త ఇంటి అరుగు మీద అల్లుడి పక్కన కూర్చుని ఆ రోజు ఆట అంతా మళ్ళీ చెప్పించుకునేవాడు. మా ఇంటి అరుగు మీద నేను పుస్తకం తెరిచి కూర్చుని, ఆ వీధి అవతల వాళ్ళిద్దరి నవ్వులు వింటూ ఉండేవాణ్ణి. ప్రతి ఏడూ సేలంలో ఆఖరి ఆటకు నాయన ఉతికిన పంచె కట్టుకుని మాతో బస్సులో వచ్చేవాడు. నేను మూల నుంచి ఎన్ని బుట్టలు వేసినా ఆయన నోట వచ్చే కేక ఒకటే, మా అల్లుడు మా అల్లుడు అని. నేనేమో కొడుకునై పుట్టి ఆ కేకను పోగొట్టుకున్నవాడిలా చెమట తుడుచుకునేవాణ్ణి.

అసలు బావ చేసేదేముంది, ఇంత మంచి జట్టులో ఆ చోట ఎవరు నిలబడినా కప్పు వస్తుంది, నేను నిలబడినా వస్తుంది అనేది నా వాదన. మూడేళ్ళ పాటు ఈ వాదన నాలో నేనే చేసుకున్నాను, నాలో నేనే గెలిచాను. నా మనవరాలు ఇప్పుడు అమెరికావాళ్ళ గురించి చేసే వాదన నేను ఆ పిల్ల ఈడులో మా బావ గురించి చేసిందే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ చోటు నాకిచ్చి చూస్తే తెలుస్తుంది అనుకునేవాణ్ణి. అదీ నాయన చూస్తుండగా.

ఆఖరి ఏడు అవకాశం తనంతట తాను రాలేదు, నేనే రప్పించుకున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఇది. సేలం ఆటకు ఇంకా రెండు రోజులుందనగా, ఎండలో ఆడి వచ్చి ఇద్దరమూ బావి దగ్గర నీళ్ళు పోసుకుంటుంటే బావ మెడ కింద, రొమ్ము మీద నాలుగైదు పొక్కులు కనిపించాయి. ఎండాకాలం మొదలయ్యే రోజులు, వేడిపొక్కులు అందరికీ లేస్తాయి. అవి వేడిపొక్కులేనని నాకు నూటికి తొంభై పాళ్ళు తెలుసు. ఆ మిగిలిన పది పాళ్ళను పట్టుకుని, పశువుల కొట్టం దగ్గర పేడ ఎత్తుతున్న అత్త దగ్గరకు పోయి, బావకు ఒంటి మీద ఏమో లేచినాయి చూడత్తా అని మెల్లగా అన్నాను. ఒక్క మాటే. ఆ పైన అబద్ధం చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఇరుగుపొరుగు ముసలమ్మలు చూశారు, ఒకామె అమ్మ పోసిందని అన్నది, అంతే, గడపకు వేపమండ కట్టేశారు.

మా ఇళ్ళలో ఆచారం మీకు తెలిసిందే. అమ్మ వచ్చిందని మండ కట్టిన తర్వాత మూడు నీళ్ళు పోసేదాకా, అంటే రోజు విడిచి రోజు మూడు స్నానాలు అయ్యేదాకా, దాన్ని విప్పకూడదు. మర్నాటికే ఆ పొక్కులు ఎండిపోయినాయి, జ్వరం లేదు, కొత్తవి లేవలేదు. అయినా అది అమ్మ కాదని అనడానికి ఎవరికి గుండె ఉంది? కాదంటే అమ్మను అవమానించినట్టు. బావ వేపాకు పరిచిన చాప మీద కూర్చుని, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, మజ్జిగన్నం తింటూ ఉండిపోయినాడు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. మండ కట్టే వేళకు గడప లోపల ఎవరున్నారో వాళ్ళెవరూ నీళ్ళు పోసేదాకా ఆ ఇల్లు విడిచి పోకూడదు, అరుగు దాటి వీధిలోకి దిగకూడదు. అది తెలిసే నేను అత్తతో ఆ మాట కొట్టం దగ్గర చెప్పాను, గడప తొక్కలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ మా అమ్మ, మీ నాయన ఎక్కడరా అని అడిగింది. అప్పుడు వీధి అవతలకు చూశాను. రోజూ పోయినట్టే పోయి, అల్లుడి పక్కన కూర్చుని, గడపకు అవతల, పచ్చటి వేపమండ వెనకాల మా నాయన.

తాను తవ్విన గోతిలో తానే పడతాడని పెద్దలు ఊరికే అనలేదు. మూడేళ్ళుగా కోరుకున్న చోటు నాకు దక్కింది, అది చూడవలసిన ఒక్క మనిషినీ నా చేతులతో నేనే లోపల పెట్టి వచ్చాను. మర్నాడు ఆయన అరుగు మీద నుంచే నా వైపు చూసి చెయ్యి ఊపినాడు. ఏమో చెప్పబోయినాడు కూడా, ఎద్దులబండి ఒకటి నడుమ అడ్డం వచ్చింది.

సేలం ఆట గురించి ఎక్కువ చెప్పను. బావ చోట నేను నిలబడ్డాను, నా మూలకు పిక్కిలివాడు జరిగాడు, వాడి చోటికి బెంచీ మీది పిల్లవాడొకడు వచ్చాడు. సగం ఆట అయ్యేసరికి మేము బాగా వెనకబడ్డాము. బంతి చేతికి వచ్చిందే తడవు, నేనే బుట్టకు వేసేవాణ్ణి, పోగొట్టేవాణ్ణి. మడవ దగ్గర నిలబడి నీళ్ళన్నీ నా కాళ్ళకే పోసుకున్నాను. విరామంలో పిక్కిలివాడు నా పక్కన కూర్చుని, "ఏమప్పా, మేము నలుగురం ఉండామని గుర్తుండాదా?" అన్నాడు. సిగ్గుతో తల వంచుకుంటే నాయన మాట చెవిలో పడింది, బావకు చెప్పిన మాట. కయ్య కొస చూడు. రెండో సగంలో నేను బుట్ట వైపు చూడడం మానుకున్నాను. మడవ, గట్టు, కపిల అని గొంతు పోయేదాకా అరిచాను. పిక్కిలివాడు మూల నుంచి వేసిన ప్రతి బంతీ పడింది. ఒక్క పాయింటుతో గెలిచాము. గెలిచిన క్షణంలో నా కళ్ళు అలవాటుగా కొళాయి పక్కకు పోయినాయి, నాయన ప్రతి ఏడూ నిలబడే చోటుకు. అక్కడ ఎవరో ఒకాయన బిడ్డకు నీళ్ళు తాపిస్తున్నాడు.

కప్పును ఒళ్ళో పెట్టుకుని ఊరికి వచ్చాను. అత్త ఇంటి గడప తొక్కకూడదు గనుక వీధి నడుమ నిలబడి పైకెత్తి చూపించాను. నాయన అరుగు మీద నుంచి లేచినాడు. లేచి, నా వైపు చూసి, వెంటనే వెనక్కి తిరిగి, చాప మీద ముఖం ముడుచుకుని కూర్చున్న బావ భుజం తట్టి, "నీ జట్టు గెలిచిందప్పా అల్లుడా!" అన్నాడు.

ఆ ఒక్క మాట యాభై ఏళ్ళు నా కడుపులో ఉండిపోయింది. నీ జట్టు. మూడు నీళ్ళు పోసిన తర్వాత బావ తలంటుకుని బడికి వస్తే, మాస్టరు ఫోటో తీయించి, నాయకుడు కనుక కప్పు ఆయన చేతిలోనే పెట్టినాడు. నేను వరస చివర ఉన్నాను, నా భుజం సగం చట్రంలో కోసుకుపోయింది. అప్పటి నుంచి ఊళ్ళో, బడిలో, పెళ్ళిళ్ళలో, నాలుగు కప్పులూ బావవే అయినాయి. కాదు, నాలుగోది నాది అని చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెబితే, మరి ఆ రోజు ఆయన ఎందుకు రాలేదు అనే ప్రశ్న వస్తుంది. వేడిపొక్కులకు వేపమండ ఎవరు కట్టించారు అనే ప్రశ్న దాని వెనకే వస్తుంది. కుడితిలో పడ్డ ఎలుక బాధ నాది. నాయన పోయే ముందు కూడా చెప్పలేకపోయాను, ఆయన చివరి రోజుల్లో మంచం పక్కన ఎక్కువ కూర్చున్నది కూడా బావే అని మీతో చెప్పుకుంటే నన్ను ఏమనుకుంటారో.

మనవరాలు అడిగిన మాట వారమంతా తొలిచింది. నిన్న బస్సెక్కి పెరియంపట్టికి పోయాను. బావ మామిడితోట దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నా కన్నా బరువెక్కినాడు, ఇంకా నా కన్నా జుట్టు ఎక్కువ. కూర్చుని మంచినీళ్ళు తాగి, ఎండాకాలం, బావి, పొక్కులు, పశువుల కొట్టం, అత్తతో అన్న మాట, అన్నీ చెప్పేశాను. ఆయన తిడితే బాగుండునని నాకు ఆశ. తిట్టలేదు.

"సుమ్మా ఉండప్పా, ఊరుకో," అన్నాడు. "నువ్వు చెప్పకపోతే మాత్రం? రాత్రికి మా అమ్మే చూసుండును. పొక్కంటే ఆమెకు అంత భయం."

ఇన్నేళ్ళు నేను మోసిన పాపానికి విలువ అంతే. నేను తోట వైపు చూస్తుంటే, ఆయన తనంతట తానే నవ్వడం మొదలుపెట్టినాడు. ఆ పొద్దు మీ నాయన చేసిన పని నీకు తెలీదు కదా అన్నాడు. సేలంలో ఆట మొదలయ్యే వేళకు మా నాయన అత్తను అడిగి చింతగింజలు తెప్పించి, అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, అటు ఐదు ఇటు ఐదు పేర్చినాడట. అటువైపు గింజలను బావను తోయమని, ఇటువైపువి తానే తోసినాడట. బుట్టకు బదులు అత్త గాజు పెట్టినాడట. ఇటువైపు నలుగురినీ మార్చి మార్చి తోసినాడు గానీ, ఒక పెద్ద గింజను మాత్రం కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని, బంతి పడవలసి వచ్చినప్పుడల్లా తానే గాజులోకి వేసినాడట.

"అది నువ్వు," అన్నాడు బావ. "మామా, నా గింజ ఏదని అడిగితే, నువ్వు ఇంట్లో ఉండావు కదప్పా, నీకు గింజెందుకు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పొద్దుగూకినాక నువ్వు కప్పు ఎత్తి చూపిస్తే, నా ముఖం చూసి ఓదార్చేదానికి ఆ మాటన్నాడు. నాకు దాని మీద ఇప్పటికీ కోపమే."

ఇది విన్నాక మనసు తేలికపడిందని రాస్తే మీరు సంతోషిస్తారు, కానీ అబద్ధమవుతుంది. మొదట కళ్ళు తడిసిన మాట నిజమే. ఆ వెనకే పాత మంటే, ఈసారి ఇంకో వైపు నుంచి అంటుకుంది. నాయన నన్ను అంత ఇష్టంగా చేతిలో పట్టుకున్న పొద్దు ఒకటి ఈ లోకంలో ఉండింది, దాన్ని కళ్ళారా చూసింది మాత్రం బావే. నేను నాయన ఎదుట ఆడలేదు, నాయన నా ఎదుట ఆడలేదు, ఇద్దరి ఆటా చూడవలసిన వాళ్ళు చూడకుండానే ముగిసిపోయింది. ఆ గింజలు ఏమైనాయని అడిగాను. అడగగానే సిగ్గుపడ్డాను, అవి ఎవరు దాస్తారు? పొద్దుగూకినాక అమ్మ ఊడ్చేసింది అన్నాడు బావ, సగం మగ్గిన మామిడికాయలు నాలుగు సంచిలో వేస్తూ.

వచ్చేటప్పుడు తోటలో నడిచాను. మడవలు లేవు, కాలువలు లేవు, నల్లటి గొట్టాల్లో బొట్టు బొట్టుగా నీళ్ళు చెట్టు మొదటికే పోతున్నాయి, వాటిని తిప్పవలసిన మనిషితో పనిలేదు. మా బడి మట్టి ఆటస్థలం సిమెంటు అయింది, పిల్లలు నంబర్లు చెప్పి ఆడుకుంటారు, ఎదుటి జట్టుకు తెలియని మాట వాళ్ళ దగ్గర ఒకటీ లేదు. మడవ అంటే ఏమిటని మనవరాలిని అడిగితే, అది ఏ ఊరు తాతా అంటుంది. నాయన ఉండినంత కాలం ఆయన మెప్పు కోసం ఎదురు చూశాను. అది ఎదురింటి అరుగు మీద ఎప్పుడో ఇచ్చేసి ఉన్నాడని తెలిసేసరికి, అడిగి తీసుకోవడానికి ఆయన లేడు, అరుగు కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు మళ్ళీ అదే వాదనలో ఉన్నారు. మామిడికాయలు బల్ల మీద పెట్టి, ఆ పిల్లను పిలిచి, పెరియంపట్టి తాత మూడు కప్పులే గెలిచినాడు, నాలుగోది నాది అని చెప్పాను. నిజమా తాతా, ఎవురు చూసినారు అని అడిగింది. మా నాయన చూసినాడమ్మా అన్నాను.